కంటిమీద ధరించు అద్దము



కండ్లజోడు ముక్కుమీద నిలుచును. కాంటాక్టు లెన్సు కంటిమీదనే నిలుచును. దానిని కొనువారు మొదట తెలియవలసిన భేదమిది. నల్లగ్రుడ్డును కప్పియుండు కార్నియా యను పారదర్శకమైన పొరకు రక్తనాళములు లేవు. కన్ను తెఱచియున్నంతసేపు అది తనకు వలయు ప్రాణవాయువును గాలినుండి కన్నీటి ద్వారమున గ్రహించును. ఆ పొరమీద మనము మఱియొక పొరను కప్పుచున్నాము. కావున లెన్సు ఎన్నికలో ముఖ్యమైనది దాని రంగు కాదు, వెల కాదు; అది ప్రాణవాయువును ఎంతవఱకు లోనికి పోనిచ్చునను విషయము.

1888లో ఫిక్ అను జర్మను వైద్యుడు ప్రకటించిన లెన్సులు గాజువి. కొన్ని గంటలకు మించి ధరింప శక్యము కాకుండెను. 1961లో చెకోస్లొవేకియా రసాయనశాస్త్రజ్ఞుడు ఒట్టో విఖ్టెర్లె, పిల్లలాడుకొను యంత్రపు ముక్కలతో ఇంటనే యొక పరికరము కూర్చి, నీరు పీల్చి మెత్తబడు లెన్సులను పోతపోసెను. నేటి సిలికాన్ హైడ్రోజెల్ లెన్సు ఆ జాతిలోనిదే. గాలిని మఱింత ధారాళముగా పోనిచ్చును. గట్టి లెన్సులును కలవు. కార్నియా శంకువువలె ముందుకు పొడుచుకొని వచ్చు వ్యాధిలో, కండ్లజోడు దిద్దలేని చూపును అవి దిద్దును.

ఇక మన తణుకు ప్రాంతము సంగతి. గోదావరి కాలువలు, చెఱువులు, కొల్లేటివైపు చేపల చెఱువులు, మనది నీటిసీమ. అకాంతమీబా యను సూక్ష్మజీవి చెఱువునీటను, కాలువనీటను, కుళాయినీటను గూడ బ్రదుకును. లెన్సుక్రింద చిక్కినచో కార్నియాను తినివేయును. చికిత్స నెలల తరబడి సాగును, కొందఱికి చూపు మిగులదు. కావున లెన్సుతో కాలువలో మునుగరాదు, తలస్నానము చేయరాదు, లెన్సును నీట కడుగరాదు. కాచి చల్లార్చిన నీరును, ఇంట కలిపిన ఉప్పునీరును సైతము పనికిరావు. ఉమ్మితో తడుపువారి మాట చెప్పనే యక్కఱలేదు! కోతలనాటి దుమ్ము వేఱొక యపాయము. వరియాకు గీచిన కంటికి బూజుజాతి క్రిమి సోకి పుండు పడుట మన వైద్యులెఱిగినదే. కళ్లమునకును మిల్లునకును పోవువారు ఆ పూట కండ్లజోడే పెట్టుకొనుట మేలు.

నా యభిప్రాయమున ఈ సీమవారికి ఒక్కదినము ధరించి పారవేయు మెత్తని లెన్సే తగినది. ఖర్చు ఎక్కువే, కాని దానికి డబ్బీ లేదు, ద్రావకము లేదు, పాచి పట్టుట లేదు. నెల లెన్సు వాడువారు డబ్బీలోని పాత ద్రావకముపై క్రొత్తది పోయక, దినదినమును పాఱబోసి మార్చవలెను. డబ్బీని మూడునెలలకొకసారి మార్చవలెను. వైద్యుడు ప్రత్యేకముగ చెప్పిననే తప్ప లెన్సుతో నిద్రింపరాదు. నిద్రించినచో క్రిమి సోకు ప్రమాదము ఆఱు మొదలు ఎనిమిది రెట్లు పెరుగును. పెండ్లిలో ఒక్క పూట పెట్టుకొను రంగు లెన్సునకును వైద్యుని కొలత కావలయును. స్నేహితురాలి లెన్సు పెట్టుకొనుట తగదు.

కన్ను ఎఱ్ఱబడి నొప్పిపెట్టినను, వెలుగు చూడలేకున్నను, చూపు మసకబారినను లెన్సును తీసివేసి ఆనాడే నేత్రవైద్యుని చూడుడు. మందుల దుకాణమున నడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసికొనుట క్రిమికి బలమిచ్చుటయే. ఏలూరు చేరువ సోమవరప్పాడున పుట్టిన చలనచిత్రదర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పేర 1987లో హైదరాబాదున వెలసిన నేత్రవైద్యసంస్థకు విజయవాడ చెంత తాడిగడపలో శాఖ కలదు. ఎచ్చటికి పోయినను, తీసిన లెన్సును, దాని డబ్బీని పారవేయక వెంట గొనిపొండు. క్రిమి యేదియో వైద్యులు వానినుండియు పరీక్షించి గుర్తింపగలరు.