బేఈమాను అంటే ఏమిటి?



బాలాపూర్ బజార్లో పైసల గొడవ వచ్చిందంటే ఒక మాట వినిపిస్తుంది. "వాడు ఉత్త బేఈమాను!" ఈ మాటను విడదీసి చదవండి. బే, ఈమాను. 'బే' పారసీ మాట. 'లేని' అని అర్థం. 'ఈమాను' అరబ్బీ మాట. 'విశ్వాసం' అని అర్థం. రెండూ ఉర్దూలోంచి మన నోటికి వచ్చాయి. పని లేనివాడు బేకారు. నమ్మకం నిలుపుకోనివాడు బేఈమాను. రాతలో 'నిజాయితీ లేనివాడు' అని రాస్తాం.

తెలుగులో 'దొంగ' అనే మాట కూడా ఇదే పని చేస్తుంది. దొంగ తూకం, దొంగ సంతకం, దొంగ లెక్క అంటాం. తప్పు లెక్క వేరు, దొంగ లెక్క వేరు. కూడేటప్పుడు అంకె మరిచిపోతే తప్పు లెక్క. తెలిసి తెలిసి అంకె మారిస్తే దొంగ లెక్క. తప్పును దిద్దుకోవచ్చు. దొంగ లెక్కతో నమ్మకమే పోతుంది.

బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం అందరికీ తెలుసు. 1994లో మొదటి పాట 450 రూపాయలు. 2025లో 35 లక్షలు. పాట అంటే నోటి మాటే. పాడినవాళ్లు డబ్బు కట్టాలి. తీసుకున్నవాళ్లు లెక్క చెప్పాలి. రెండు వైపులా ఉంటేనే ఈమాను.

అయితే ఈ మాటను ఊరికే విసరొద్దు. ఒకామె 500 అప్పు తీసుకుంది అనుకోండి. కూలి దొరకలేదు. వాయిదా తప్పింది. "వచ్చే నెల ఇస్తా" అని ఇంటికొచ్చి చెప్పింది. ఆమె బేఈమాను కాదు. ఆమెకు కష్టం వచ్చింది, అంతే. డబ్బు ఉంచుకొని "నేనెప్పుడు తీసుకున్నా?" అంటే అది బేఈమానీ. అప్పిచ్చినాయన 500 పక్కన ఇంకో సున్నా చుట్టినా అదీ బేఈమానీయే. కానీ ఈ మాట పేదవాళ్ల మీదనే తొందరగా పడుతుంది. సున్నా చుట్టిన చేతిని అడిగేవాళ్లు తక్కువ.

అడగాలంటే చదువు కావాలి. నోటు మీద అంకెతో పాటు 'అక్షరాలా ఐదు వందల రూపాయలు' అని రాయించండి. సున్నా చుట్టడం తేలిక. 'వందల'ను 'వేల' చేయడం కష్టం. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు, సంతకం పెట్టొద్దు. పైసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. తేదీ కూడా వేయించండి.

ఇప్పుడు పలక తీయండి. ఈ మూడు మాటలు రాయండి: బేకారు, బేఈమాను, ఈమాందారు. మూడో మాటకు అర్థం పక్కవాళ్లకు చెప్పండి.