కూలి లెక్కా, కంపెనీ సర్టిఫికెట్టూ

విత్తనానికి ఉన్నట్టే, పనివారిని న్యాయంగా చూసే కంపెనీకీ సర్టిఫికెట్టు ఉంది. ఎస్.ఎ. 8000 అంటారు, 1997లో వచ్చింది. 15 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదు. వారానికి పని 48 గంటలు. ఆరు రోజులకొక సెలవు. అదనపు పని ఇష్టమైతేనే, 12 గంటలకు మించకుండా, హెచ్చు కూలితో. తనిఖీకి వచ్చినవారు పుస్తకాలతో సరిపెట్టరు, పనివారినే అడుగుతారు.

"అది కంపెనీ గొడవ, మనకెందుకు?" అంటారా? సరుకు ఇచ్చేవారు ఎలా నడుస్తున్నారో విచారించే బాధ్యతా ఆ కంపెనీదే. బడి మాన్పించి పిల్లను పత్తి చేలో క్రాసింగుకు దింపితే కొనుగోలు ఆగవచ్చు. అంతకు మించి, పిల్ల చదువు పోతుంది. కనుక సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడే పేరు, వయసు, గంటలు, కూలి పుస్తకంలో రాసుకోండి.