వేసవిలో కొండలు, చలికాలంలో బురద

ఐరోపా, అమెరికాల్లో ఉద్యోగాలు చేసుకుంటూనే పందేల్లో దిగే సైకిలిస్టులు చాలామంది ఉన్నారు. వసంతం మొదలు వేసవి చివరిదాకా వాళ్లది మౌంటెన్ బైక్ సీజన్. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సైక్లోక్రాస్.

మౌంటెన్ బైక్‌కు వెడల్పు టైర్లు, కుదుపులు తట్టుకునే సస్పెన్షన్ ఉంటాయి. రాళ్లూ వేర్లూ నిండిన కొండదారులే దాని బరి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పోటీకి తొలిసారి చోటు దక్కింది.

సైక్లోక్రాస్ తీరు వేరు. సైకిలు చూడ్డానికి రోడ్డు రేసుల సైకిలులాగే ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. దాదాపు మూడు కిలోమీటర్ల చుట్టులో బురద, ఇసుక, మెట్లు, 40 సెంటీమీటర్ల దాకా ఎత్తున్న అడ్డుపలకలు ఉంటాయి. పలక దగ్గరపడగానే రైడరు కుడికాలు సీటు మీదుగా ఎడమవైపుకు తెచ్చి, పరుగుతోనే దిగి, సైకిలెత్తి దాటేస్తాడు. మెట్లొస్తే భుజానికెత్తుకుంటాడు. మరుక్షణం మళ్లీ సీటెక్కుతాడు. అగ్రశ్రేణి పోటీ సుమారు గంటసేపు సాగుతుంది. ఔత్సాహికులకు అంతకన్నా తక్కువే.

వేసవిలో అబ్బిన బ్రేకుల ఒడుపు చలికాలపు బురదలో అక్కరకొస్తుంది. చలికాలంలో పెంచుకున్న దమ్ము కొండెక్కేటప్పుడు ఆదుకుంటుంది. అయితే రెండు సీజన్ల నడుమ ఒంటికి విశ్రాంతినివ్వాలి. ఆ విరామం కూడా సాధనలో భాగమే.