మొక్కగా ఉన్నప్పుడే సరిచేద్దాం
పిల్లల ఎముకలు, కీళ్లు, కండరాల జబ్బులు: ఏం గమనించాలి, ఎవరికి చెప్పాలి, ఖర్చు ఎవరు భరిస్తారు

(మల్దకల్ మండలంలోని ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, తల్లిదండ్రులతో జిల్లా పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగం. ఫోన్లో చదువుకోండి, మీ ఊరి గ్రూపులో పంపండి.)



ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టర్ని కాను. జర్నలిజం చదువుకున్నవాణ్ణి. ప్రభుత్వం ఇచ్చే సాయం ఏంటో, అది ఇంటి దాకా ఎట్లా వస్తుందో చెప్పడం నా పని. ఈ రోజు పిల్లల కాళ్ల గురించి మాట్లాడమని నన్ను ఎవరూ అడగలేదు, నేనే అడిగి వచ్చాను. ఎందుకో చెప్తాను.

మా చిన్నాయన కొడుకు ఉన్నాడు, నాకు తమ్ముడు వరస. పుట్టినప్పుడే రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. "గ్రహణం పూట తల్లి కదిలింది, అందుకే ఇట్లయింది" అన్నారు పెద్దలు. కొబ్బరి నూనె రాసి మర్దన చేశారు. నడక వస్తే అవే సర్దుకుంటాయి అన్నారు. నడక వచ్చింది, పాదాలు మాత్రం సర్దుకోలేదు. పాదం అంచు మీద నడిచి నడిచి అక్కడ తోలు చెప్పు అట్టలా గట్టిపడింది. కాలికి సరిపోయే చెప్పు ఎక్కడా దొరకదు. బడిలో పిల్లలు వెక్కిరిస్తే ఏడో తరగతిలో బడి మానేశాడు. ఇంట్లో ప్రేమ తక్కువై ఇట్లా కాలేదు. ఏ వయసులో ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే మనిషి మా ఇంటికి రాలేదు, అంతే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని బుద్ధులు చెప్పేటప్పుడు అంటాం కదా. ఎముకల విషయంలో అది అక్షరాలా నిజం. పసిబిడ్డ ఎముక పచ్చి కట్టె లాంటిది. 1741లో ఫ్రాన్స్ దేశపు డాక్టర్ నికోలస్ ఆండ్రీ పిల్లల ఎముకల మీద పుస్తకం రాస్తూ, వంకర మొక్కను కర్రకు కట్టిన బొమ్మ వేయించాడు. ప్రపంచమంతా ఎముకల డాక్టర్లకు ఇప్పటికీ అదే గుర్తు.

వంకర పాదాలు: పుట్టిన వారాల్లోనే మొదలు

దీన్ని డాక్టర్లు క్లబ్ ఫుట్ అంటారు. సుమారుగా వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరు పిల్లలకు ఉంటుంది. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో ఎక్కువ. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. తల్లి చేసిన తప్పేమీ లేదు. ఈ మాట అత్తగారికి కూడా వినిపించేలా చెప్పండి.

చికిత్స పేరు పొన్సెటి పద్ధతి. స్పెయిన్లో పుట్టి అమెరికాలో పనిచేసిన డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి దీన్ని తయారు చేశాడు. పెద్ద ఆపరేషన్ ఉండదు. వారానికి ఒకసారి పాదాన్ని మెల్లగా సరిచేస్తూ తొడ దాకా పిండికట్టు వేస్తారు. మామూలుగా ఐదారు కట్లు పడతాయి. చాలామందికి చివర్లో మడమ వెనక నరం లాంటి దానికి చిన్న గాటు పెట్టి, ఇంకో మూడు వారాలు కట్టు ఉంచుతారు. కట్టు విప్పాక పాదం చక్కగా కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పాదం బాగైంది కదా అని చాలా ఇళ్లలో ఆపేస్తారు. కట్టు విప్పాక కమ్మీకి బిగించిన జత బూట్లు ఇస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత నాలుగేళ్లు నిండేదాకా పడుకున్నప్పుడు వేయాలి. మొదటి రెండు మూడు రాత్రులు బిడ్డ ఏడుస్తుంది. తల్లి మనసు ఆగదు, విప్పేస్తుంది. విప్పేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది. సగం పని కట్టుది, సగం పని బూటుది. ఆశా అక్కలూ, కట్టు వేయించడంతో మీ పని అయిపోలేదు. ఆ ఇంటికి పోయినప్పుడల్లా "రాత్రి బూట్లు వేశారా?" అని అడగండి.

మన నడిగడ్డలో ఇంకో ఇబ్బంది ఉంది. సీడు పత్తి క్రాసింగ్ రోజుల్లో ఒక్క పూట కూడా చేను వదలలేరు. కొందరు పనికి హైదరాబాద్, బెంగళూరు పోతారు. వారం కట్టు తప్పిపోతుంది. వలస పోయేవాళ్లు బిడ్డ చికిత్స కాగితాలు, తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకుపోండి. పోయే ముందు డాక్టరుకు చెప్పి, పోయే ఊళ్లో ఎక్కడ చూపించాలో రాయించుకోండి.

అన్నీ జబ్బులు కావు, కొన్ని మాత్రం ఆగవు

ఊరికే భయపడొద్దు. రెండేళ్ల లోపు పిల్లల కాళ్లు కొంచెం దొడ్డిగా ఉంటాయి. మూడు నుంచి ఐదేళ్ల మధ్య మోకాళ్లు ఒకదానికొకటి తగులుతాయి. ఏడేళ్లకల్లా చాలామందికి అవే సర్దుకుంటాయి. కానీ ఒక కాలే వంగినా, వంకర రోజురోజుకూ పెరుగుతున్నా, బిడ్డ ఎత్తు ఎదగకపోయినా చూపించాలి. అది విటమిన్ డి లోపం కావచ్చు, దానికి మందు ఉంది.

కిందివి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు:

• ఏడాదిన్నర దాటినా నడవకపోవడం, లేదా నడక వచ్చినప్పటి నుంచి కుంటడం. తుంటి కీలు జారి ఉండొచ్చు.

• మూడు నుంచి ఆరేళ్ల మగపిల్లవాడు తరచూ పడిపోవడం, కింది నుంచి లేవడానికి తన మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించి పైకి ఎక్కడం, పిక్కలు లావుగా కనిపించడం. ఇది కండరాలు క్షీణించే జబ్బు కావచ్చు. పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ తొందరగా తెలిస్తే మందులతో, ఫిజియోథెరపీతో నడిచే ఏళ్లు పెంచవచ్చు. తర్వాతి కాన్పుకు ముందు తల్లికి సలహా కూడా దొరుకుతుంది.

• పది నుంచి పదిహేనేళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ముందుకు వంగితే వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా కనిపించడం. ఇది వెన్నెముక వంకర.

• రాత్రి నిద్రలోంచి లేపే ఎముక నొప్పి, తగ్గని వాపు.

• జ్వరంతో పాటు కీలు వాచి, బిడ్డ ఆ కాలు గానీ చెయ్యి గానీ కదపకపోవడం. ఇది కీలులో చీము కావచ్చు. కొద్ది రోజుల్లోనే కీలు పాడైపోతుంది. ఆ రోజే ఆసుపత్రికి, 108కి ఫోన్ చేయండి.

ఎముక విరిగితే నాటు కట్టు గురించి ఒక మాట. కట్టు బిగుసుకుని వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా గంటలు లెక్కే. వెంటనే కట్టు వదులు చేసి పరుగెత్తాలి.

నీళ్లు నేర్పిన పాఠం

ఇట్లా గమనించకపోతే ఏమవుతుందో మన రాష్ట్రానికి నల్గొండ నేర్పింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై మర్రిగూడ, మునుగోడు వైపు ఒక తరం పిల్లల కాళ్లు వంగిపోయాయి. మోకాళ్లు లోపలికి తిరిగే ఆ జబ్బును 1970ల మొదట్లోనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. ఒకసారి గట్టిపడ్డ ఆ ఎముకను మందు సరిచేయలేదు. నీళ్లు మార్చడమే దారి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంటికి భగీరథ నల్లా ఉండి కూడా బోరు నీళ్లే తాగే ఇళ్లు ఉన్నాయి, "రుచిగా ఉంటాయి" అని. ఫ్లోరైడ్‌కు రుచి ఉండదు. మీ ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించమని పంచాయతీ కార్యదర్శిని అడగండి.

ఎవరికి చెప్పాలి, ఖర్చు ఎవరిది

1. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, మనం ఆర్బీఎస్కే అంటాం. 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా. ఈ బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఏడాదికి ఒకసారి రావాలి. వంకర పాదాలు, తుంటి కీలు లోపం రెండూ వాళ్ల జాబితాలో ఉన్నాయి. వాళ్లు రాసి పెద్దాసుపత్రికి పంపిస్తే చికిత్స ఉచితం. బృందం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఆశా, ఏఎన్ఎం ద్వారా పీహెచ్‌సీలో చెప్పొచ్చు.

2. ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా. ఆహార భద్రత కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. అనుమానం ఉంటే 104.

3. వైకల్యం మిగిలిపోతే సర్టిఫికెట్. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, కండరాల క్షీణత కూడా అందులో ఉంది. 40 శాతం, ఆపైన ఉంటే చేయూత పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. 2023 జులైలో దాన్ని 4,016 రూపాయలు చేశారు. పిల్లలకూ వర్తిస్తుంది.

4. చదువు. అదే చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. భవిత కేంద్రాల్లో చదువుతో పాటు ఫిజియోథెరపీ కూడా ఉంటుంది.

మీరు అడిగినవి

ఒక అమ్మ అడిగింది: "మా పాపకు మూడేళ్లు. పాదం వంకరే. ఇప్పుడు పోయినా లాభమా?" లాభమే. కట్లు ఎక్కువ పడొచ్చు, కొందరికి ఆపరేషన్ కావచ్చు. కానీ నడక మొదలైన పిల్లల్లో కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. రేపే పోండి.

ఒక అంగన్‌వాడీ టీచర్ అడిగింది: "తిమ్మప్పకు మొక్కుకున్నాం, జాతర అయినాక చూపిస్తామంటారు సార్, ఏం చెప్పాలి?" అక్కా, మొక్కు వద్దనకండి. మొక్కు తీర్చే రోజు బిడ్డ తన కాళ్ల మీద గుడి మెట్లు ఎక్కాలంటే, ఈ వారమే ఆసుపత్రికి పోవాలని చెప్పండి.

మా తమ్ముడికి ఇప్పుడు పెళ్లయి బిడ్డ పుట్టింది. పుట్టిన రోజు వాడు అందరికన్నా ముందు చూసింది ఆ బిడ్డ పాదాలు. బాగున్నాయి. మీ ఊళ్లో ఈ నెల పుట్టిన ప్రతి బిడ్డ పాదాలు మీరు కూడా ఒకసారి చూడండి. నేను మిమ్మల్ని అడుగుతున్నది అదొక్కటే.

సెలవు.