వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి ఈ వేదిక మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. అందుకని నేను ఒక చిన్న సంగతే తీసుకుంటాను. సభకు వచ్చి, చివరిదాకా కూర్చుని, అంతా విని, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయేవాళ్ల సంగతి. ఏ సభ చూసినా వాళ్లే ఎక్కువమంది. మాట్లాడేది పదిమంది, వాళ్లూ ఎప్పుడూ ఉండే ఆ పదిమందే. ఇది మనకెందుకు పట్టాలంటే, ఎవరికి ఫీజు కట్టాలి, ఎక్కడ ట్యూషన్ పెట్టాలి, ఏ పిల్లకు పుస్తకాలు కొనాలి అనేవన్నీ మనం అలాంటి సభల్లో వినపడిన మాటల మీదే నిర్ణయిస్తున్నాం. వినపడని మాట లెక్కలోకి రావడం లేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ పాఠశాలల్లో తల్లిదండ్రుల మెగా సమావేశం జరిగింది. ముఖ్యమంత్రి గారు వచ్చింది మన బాపట్ల మునిసిపల్ హైస్కూలుకే. మీలో కొందరు వెళ్లి ఉంటారు. అంతకుముందు నుంచే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం, బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. మంచి చట్టం. కానీ ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి సమావేశాలు చూస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, కుర్చీలో కూర్చున్న తల్లులందరూ మాట్లాడరు. రిజిస్టరులో సంతకం పెడతారు, కొందరు వేలిముద్ర వేస్తారు, పిల్లవాడి మార్కులు చూసుకుంటారు, వెళ్లిపోతారు. "వీళ్లకు పట్టదండీ" అని మా స్టాఫ్ రూములో అనేవాళ్లు ఉన్నారు. పట్టనివాళ్లు ఒక పూట కూలి వదులుకుని ఎందుకొస్తారు?

మేము బీఎడ్‌లో చదువుకున్న ఒక పరిశోధన చెబుతాను. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల నాటికి తరగతి గదుల్లో టేపు రికార్డర్లు పెట్టి, టీచరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. సుమారు ఒక్క సెకను! ఆ సెకనులో చెయ్యెత్తినవాడిదే జవాబు. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచి చూస్తే, అంతకుముందు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు, జవాబులు పొడుగయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది. పిల్లలు మారలేదు, ప్రశ్న కూడా మారలేదు, ఆగిన సమయం ఒక్కటే మారింది.

మన సభల్లో ఏం జరుగుతుంది? వందన సమర్పణ కూడా అయిపోయాక "ఎవరైనా ఏమైనా మాట్లాడతారా?" అంటారు. అప్పటికే ఒకవైపు కుర్చీలు మడుస్తుంటారు, మరోవైపు బిర్యానీ వాసన వస్తుంటుంది. ఆ సమయంలో లేచి మాట్లాడాలంటే ఎంత ధైర్యం కావాలి! పైగా మైకు పరదాకు ఇటువైపే ఉంటుంది. ఈరోజు కూడా ఇటువైపే ఉంది, చూడండి.

భాష సంగతి కూడా ఉంది. ఇంట్లో మన దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఇంట్లో గలగలా మాట్లాడే తల్లి సభలో తెలుగు తప్పు వస్తుందేమోనని ఆగిపోతుంది. అయితే మొత్తం నెపం దీనిమీదే వేయలేం. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల తల్లులు కూడా అంతే మౌనంగా కూర్చుంటున్నారు.

అసలు కారణం వేరే ఉందని నా అభిప్రాయం. పెద్దలు ఏమీ అనుకోకపోతే చెబుతాను. మన సభలో ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు ఒకే హాల్లో కూర్చుంటారు. తీసుకునేవాళ్ల మాటకు ఒక ఖరీదు ఉంటుంది. ఫీజు కట్టినవాళ్ల ముందు "ఇది మాకు సరిపోవడం లేదు" అనడం ఎంత కష్టమో మనలో తీసుకోవలసిన అవసరం ఎప్పుడూ రానివాళ్లకు తెలియదు.

కొన్నేళ్ల క్రితం రేపల్లె వైపు ఒక అమ్మాయి పది మంచి మార్కులతో పాసైంది. తెనాలిలో ఇంటర్‌లో చేర్పిస్తే ఒక సంస్థ వాళ్లు ఫీజు మొత్తం కట్టారు. పేరు అనవసరం. అమ్మాయి రోజూ రైల్లో వచ్చి వెళ్లేది. దీపావళి దాటాక మానేసింది. ఆ సంస్థ మీటింగులో వాళ్లమ్మ కూడా ఉంది. "ఎందుకు మానేసింది?" అని అందరిముందు అడిగితే తల దించుకుంది. "చదువు మీద ఆసక్తి లేదు" అని రాసుకున్నారు. తర్వాత ఆవిడ చిన్నపిల్లాడి కోసం మా బడికి వచ్చినప్పుడు వరండాలో నిలబడి అసలు సంగతి చెప్పింది. చలికాలంలో తొందరగా చీకటి పడుతుంది. రైలు ఆలస్యమైతే భట్టిప్రోలు దాటేసరికే చీకటి. స్టేషను నుంచి ఇంటికి తీసుకురావడానికి మగదిక్కు లేదు. "మేడం, అంత ఫీజు కట్టినోళ్ల ముందు ఆటోకి కూడా డబ్బులియ్యండని ఎట్టా అడిగేది? వంక పెట్టినట్టుండదా?" అంది.

నెలకు ఆటో ఖర్చు ఎంతయ్యేది? కట్టిన ఫీజులో చిన్న భాగం. అంత చిన్న మాట ఆ గదిలో వినపడక, కట్టిన ఫీజూ పోయింది, పిల్ల చదువూ ఆగింది. ఆ "ఆసక్తి లేదు" అన్న అయిదక్షరాల తీర్పు మాత్రం కాగితం మీద ఉండిపోయింది. మరుసటి ఏడు అదే వీధి నుంచి ఇంకో పిల్ల అర్జీ వస్తే ఆ కాగితమే తీసి చూస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

అలాగని మాట్లాడనివాళ్లందర్నీ లేపి మైకు చేతికివ్వమని కాదు. అది ఇంకో రకం హింస. వినడమూ పాల్గొనడమే. 1935లో పాతూరి నాగభూషణం గారు మన తెనాలికి దగ్గర్లోని పెదపాలెం కేంద్రంగా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఆ పడవ దగ్గర పుస్తకం తీసుకుని చదివి, తిరిగిచ్చి, ఎవరితోనూ చర్చించనివాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు చదువు అందలేదంటామా? ఆఫ్రికాలో లైబీరియా దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను జీన్ లేవ్ అనే పరిశోధకురాలు గమనించింది. ముందు గుండీలు, అంచులు వంటి చివరి పనులిస్తారు, గుడ్డ కత్తిరించడం చాలా తర్వాత. మన బజారులో టైలరు షాపు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. కాజాలు కుట్టే కుర్రాడు నోరు మెదపడు, కళ్లు మాత్రం కత్తెర మీదే ఉంటాయి. అలాంటి మౌనాన్ని కదపకూడదు, దాని సమయానికి అదే మాట్లాడుతుంది. మనం పట్టించుకోవలసింది, చెప్పాల్సింది ఉండి కూడా మింగేసుకునే మౌనాన్ని.

రెంటికీ తేడా బయటికి కనిపించదు కదా అంటారు. నిజమే. అందుకే అడిగే పద్ధతి మార్చాలి. అర్జీ పరిశీలనకు ముందే, దాతలు లేనిచోట, ఒక టీచరో ఇంటర్ చదివే అమ్మాయో ఆ తల్లితో విడిగా కూర్చోవాలి, ఆవిడకు వచ్చిన భాషలో. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అంటే "ఏం లేవు" అనే అంటారు. "పాప సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరుతుంది? స్టేషన్ నుంచి ఎవరు తీసుకొస్తారు? ఇంట్లో రాత్రిపూట చదువుకోవడానికి చోటుందా?" అని అడగాలి. విన్నది పేరు లేకుండా కమిటీకి చేరాలి. ఏం చేశారో, చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో తిరిగి ఆ తల్లికి చెప్పాలి. ఈ చివరిది మనవాళ్లు ఎక్కువగా మర్చిపోతారు. ఒకసారి చెప్పి, ఏమైందో తెలియనివాళ్లు రెండోసారి చెప్పరు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒక్కో ఊళ్లో ఒక్కో గది కావాలి, నెలకు రెండు ఆదివారాలు. ఆఫీసు గది వద్దు, కమిటీ బోర్డు ఉన్న గది అసలే వద్దు. ఎవరింట్లోనైనా ముందు వసారా చాలు. తెనాలిలో మా ఇంటి వసారా ఉంది. బాపట్లలో నాకు తెలిసిన ఒక రిటైర్డు టీచరమ్మ ఒప్పుకున్నారు. రేపల్లెలో ఇంకా దొరకలేదు. మీలో ఎవరైనా ఇవ్వగలిగితే భోజనాల దగ్గర నాకు చెప్పండి. అక్కచెల్లెళ్లు ఇటు రానక్కర్లేదు, నేనే పరదా అవతలికి వస్తాను.