నాడి చూచుకొనుట



మా అన్నగారు గుండెపోటుతో గతించిన పిదప నాకొక యలవాటు పట్టుకొన్నది. రాత్రి మెలకువ వచ్చినంతనే మణికట్టు పట్టి నాడి లెక్కించుకొనెడివాడను. వైద్యులు ఇ.సి.జి. తీసి, గుండె బాగుగనే యున్నదని చెప్పిరి. ఆ మాట రెండు దినములు నిలిచినది. మూడవనాటి రాత్రి మరల చేయి మణికట్టు మీదికే పోయినది.

విశ్రాంతిగా కూర్చున్న మనుష్యుని నాడి నిమిషమునకు 60 మొదలు 100 వఱకు నుండవచ్చును. భయము కలిగినచో నది వేగిరపడును. వేగిరపడుట చూచి భయము హెచ్చును. ఊరటకై చూచుకొనుచున్నా ననుకొంటిని గాని, మంటలో పుల్లలు వేయుచున్నది నా చేయియే.

దీనికి వైద్యులు మందు వ్రాయలేదు. చూచుకొనవలెనని తోచినపుడు కొంతసేపు తాళుమనియు, ఆ వ్యవధిని దినదినము పెంచుమనియు చెప్పిరి. మొదటి రాత్రి పావుగంట నాకొక జాముగా తోచినది. "నా మొగము పాలిపోయినదా?" యని ఇంటివారిని మాటిమాటికి నడుగుటయు మానవలసివచ్చెను. అది మఱింత కష్టము. వారికి మాత్రము సుఖము.

అయినను ఱొమ్ము బరువెక్కి, నొప్పి యెడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టి, ఊపిరి యాడనిచో, భయమా రోగమా యని తర్కింపరాదు. తక్షణమే 108కి ఫోను చేయవలెను. మా అన్నగారు అజీర్ణమని తలచి, తెల్లవారిన పిదప చూతమని ఓర్చుకొనిరి.

నాకిప్పటికిని నడిరేయి మెలకువ వచ్చుచునే యుండును. చేతులు దుప్పటిలోనే యుంచుకొని, పెరటిలో ఎడ్ల మెడగంటలు వినుచు పండుకొందును.