సినిమా చూడకముందే రాళ్లా?

'పద్మావత్' సినిమా 2017 డిసెంబర్ 1న రావాలి. వచ్చింది 2018 జనవరి 25న. ఈలోపు పేరు మారింది. హీరోయిన్ ముక్కు కోస్తామన్నారు. రాజస్థాన్, గుజరాత్ సర్కార్ల నిషేధాన్ని సుప్రీంకోర్టు ఆపినా మల్టీప్లెక్సుల సంఘం అక్కడ ఆట వెయ్యలేమంది. కోర్టు తీర్పు కంటే గుంపు భయమే గెలిచిందన్నమాట!

జనవరి 24న, అంటే ముందస్తు షోల నాడే, గురుగ్రామ్‌లో బడి బస్సు మీద రాళ్లు పడ్డాయి. పిల్లలు సీట్ల మధ్య నక్కారు.

మనం ధర్నాలు, రాస్తారోకోలు, బంద్‌లు చేసినోళ్లం. నిరసన హక్కు గురించి మనకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. కానీ పసిపిల్లల మీద రాయి ఏ ఆత్మగౌరవం కోసం? పైగా నిర్మాతకు పైసా ఖర్చు లేని పబ్లిసిటీ!

ఫిబ్రవరిలో కర్ణిసేన ముంబై నాయకుడొకరు సినిమా చూసినంక చెప్పిండు, అందులో రాజపుత్రుల గొప్పతనమే ఉందట.